నోట్లో పుండు చూసేటప్పుడు

అమ్మలూ,

పర్లాకిమిడి దగ్గర సబ్‌సెంటరులో చేరావని మీ అమ్మ చెప్పింది. నోటిపుండుతో వచ్చినవాళ్లకి బి కాంప్లెక్స్ చేతిలో పెట్టి పంపెయ్యడం మాత్రం అలవాటు చేసుకోకు. నోటి క్యాన్సరు మొదట్లో నొప్పి పెట్టదు. నొప్పని వచ్చేసరికి చాలామందికి లోతుకి దిగిపోయి ఉంటుంది.

"పొగాకు వాడతావా" అనడిగితే లేదంటారు. పళ్లకి రాసుకునే పొగాకు ముద్ద గుడాఖుని పళ్లపొడి కిందే లెక్కేస్తారు మరి. అందుకని పళ్లు దేంతో తోముతావు, ఖైనీ ఏ పక్క పెడతావు, గుట్కా ఏ దవడన నొక్కుతావు అని విడివిడిగా అడుగు. చుట్ట తాగే పెద్దాడవాళ్లని నిప్పు బయటికా లోపలికా అని అడగాలి. నిప్పు లోపలికి పెట్టి అడ్డపొగ తాగేవాళ్లకి వేడంతా అంగిలికే తగులుతుంది కాబట్టి తల వెనక్కి వాల్చి, కట్టుడు పళ్లుంటే తీయించి అంగిలి చూడు. మిగతావాళ్లకి పొగాకు నిలవుండే చోటు ముందు, అంటే చెంప లోపల, చిగురుకీ చెంపకీ మధ్య సందులో. నాలుక కొసని గాజుగుడ్డతో పట్టి పక్కకి లాగితేనే వెనక అంచు కనపడుతుంది.

తుడిచినా పోని తెల్లమచ్చని రాసుకో. ఎర్రమచ్చ అంతకంటే ప్రమాదం, దాన్ని వెంటనే పంపు.

పుండు కనపడితే చూపుతో సరిపెట్టకు, గ్లవ్ వేసుకుని వేలితో తడుము. అంచు లేచి, అడుగు గట్టిగా తగిలి, ముట్టుకుంటే నెత్తురొస్తే అనుమానించాల్సిందే. పన్ను గీసుకున్న పుండు మెత్తగా ఉంటుంది, మంటెడుతుంది, పన్ను మొన అరగదీయిస్తే రెండు వారాల్లో మానుతుంది. మానలేదా, ఇంకో కోర్సు మందులు వద్దు, పెద్దాసుపత్రే.

పుండు పక్కన పన్ను కదులుతుంటే పీకించనివ్వకు. కింద ఎముక తినేసి ఉండొచ్చు, పీకిన గుంట మానదు. కింది పెదవి తిమ్మిరెక్కినా ఎముకలోని నరం దాకా పోయిందేమో అనుకోవాలి. చెవిలో ఏమీ లేకుండా చెవిపోటంటే నాలుక మొదట్లో, గొంతు వైపు చూడు.

నోరు తెరిపించి పైపళ్ల అంచు నుంచి కిందిపళ్ల అంచు దాకా స్కేలుతో కొలువు. 35 మి.మీ. తక్కువైతే ఎన్నాళ్ల నుంచని అడుగు. వక్క నమిలేవాళ్లకి చెంపలు పాలిపోయి, బిరుసెక్కి, కారం తగిలితే మండుతూ ఏళ్ల తరబడి నోరు మెల్లగా మూసుకుంటుంది. అదీ క్యాన్సరుకి దారి తీసేదే. కొద్ది నెలల్లోనే మూసుకుపోతే మాత్రం పుండు దవడ కండరంలోకి దిగిందేమో.

మెడ తప్పక చూడాలి. గెడ్డం దించి, తల నువ్వు తడిమే పక్కకే కాస్త వంచి, దవడ కింద వేళ్లతో వెతుకు. పంటి చీముకి వచ్చిన గడ్డ నొప్పెడుతుంది. నొప్పి లేకుండా గట్టిగా, కదలకుండా ఉన్నదే భయపడాల్సింది. మెడకి చేరిందంటే బతికే అవకాశం సుమారు సగానికి పడిపోతుంది.

చీటీలో "నోటిపుండు" అని ఊరికే రాయకు. ఏ పక్క, ఎక్కడ, ఎన్ని సెంటీమీటర్లు, ఎన్నాళ్లుగా, నోరెంత తెరుచుకుంటోంది, మెడలో గడ్డ ఉందా అన్నీ రాయి. పుండు 2 సెం.మీ. లోపా, 4 దాటిందా అన్నదాన్నీ, లోతునీ బట్టే దశ తేలుస్తారు. బరంపురం ఎమ్‌కేసీజీ మెడికల్ కాలేజీ ఆసుపత్రికి పంపుతావో, విశాఖ హోమీ భాభా క్యాన్సరు ఆసుపత్రికి పంపుతావో ఇంటివాళ్ల వీలునిబట్టి చూడు. "పరీక్షకని పుండులోంచి ముక్క తీస్తే పాకిపోతుంది" అని ఇంటివాళ్లు వెనక్కి లాగుతారు. ముక్క పరీక్ష లేనిదే ఏ డాక్టరూ వైద్యం మొదలెట్టడని బయల్దేరకముందే, ఇంట్లో నిర్ణయం తీసుకునే మనిషిని కూచోబెట్టి చెప్పు. ఫోను నంబరు తీసుకుని వారం తిరక్కుండా వెళ్లారో లేదో కనుక్కో.

మీ మావయ్య