బాధ్యత నాది, నిర్ణయం ఆయనది

ప్రశ్న: గుంటూరులో ఆటో విడిభాగాల షాపులో ఎనిమిదేళ్లుగా స్టోర్స్ చూస్తున్నాను. 500 రూపాయల కొరియర్‌కైనా మా సార్‌నే అడగాలి. ఆయన ఫోన్ ఎత్తకపోతే సరుకు ఆగిపోతుంది, తిట్లు నాకు. ఇంటికొచ్చి పిల్లల మీద అరుస్తున్నాను. మావారు మానెయ్యమంటున్నారు. ఏం చేయను?

జవాబు: పని భారం ఎక్కువగా ఉండి, దాన్ని ఎలా చేయాలో తేల్చుకునే వీలు లేనప్పుడే ఒత్తిడి బాగా ముదురుతుందని అమెరికా పరిశోధకుడు రాబర్ట్ కరాసెక్ 1979లోనే రాశారు. మీ ఓపికలో లోపమేమీ లేదు. కాకపోతే మానేసేముందు ఒక్కసారి గట్టిగా ప్రయత్నించండి.

రెండు వారాలు ఒక నోట్‌బుక్ రాయండి. ఆయన్ని ఏం అడిగారు, ఎంత మొత్తానికి, జవాబుకు ఎంతసేపు పట్టింది, చివరికి ఏమన్నారు. చాలావాటికి ‘సరే, కానివ్వమ్మా’ అనే వచ్చి ఉంటే మీ మాటకు అదే ఆధారం.

‘నాకు స్వేచ్ఛ కావాలి’ అని మాత్రం అనొద్దు. పెట్టుబడి పెట్టినాయనకు అది ‘నన్ను లెక్క అడగొద్దు’ అన్నట్టు వినిపిస్తుంది. అంకె చెప్పండి. ‘సార్, బిల్లుకు 2,000 వరకు, నెల మొత్తం మీద 15,000 దాటకుండా నేనే చూసుకుంటాను. రోజూ సాయంత్రం బిల్లుల ఫొటోలు వాట్సాప్‌లో పెడతాను. ఒక్క నెల చూడండి.’ అరువివ్వడం, రేటు తగ్గించడం, కొత్త సప్లయర్‌ని తీసుకోవడం ఆయనకే వదిలేయండి. షాపులో మరెవరూ లేనప్పుడు కదపండి. ఒప్పుకుంటే ఆ పూటే అవే మాటలు మెసేజ్ పెట్టండి, ఎందుకంటే మొదటి నష్టం రాగానే నోటిమాట మారిపోతుంది.

ఇది సాధారణంగా చెడేది ఆ తర్వాతే. చేతికి అధికారం వచ్చినా భయం పోదు, ‘ఎందుకైనా మంచిది, ఒకమాట అడుగుదాం’ అనిపిస్తుంది. నాలుగుసార్లు అలా అడిగారంటే పాత పద్ధతి తిరిగొచ్చేస్తుంది. పొరపాటు జరిగితే ఆ రోజే మీరే చెప్పండి: ఎంత పోయింది, మళ్లీ జరక్కుండా ఏం చేశారు. ఆయన మరొకరి నోట వింటే ఇచ్చినది వెనక్కి లాక్కుంటారు.

మీవారిని ఆ నెల పూర్తయ్యేదాకా ఆగమనండి. అప్పటికీ మార్పు లేకపోతే వేరే ఉద్యోగం వెతుక్కోండి, అది చేతికొచ్చాకే రాజీనామా ఇవ్వండి. ఇంటికి రాగానే ఇరవై నిమిషాలు ఫోన్ పక్కన పడేసి, పిల్లల్ని మీవారికి అప్పజెప్పండి. పిల్లలకు మాత్రం ఈ రాత్రే చెప్పండి, అమ్మ కోపం షాపులో పని మీద, వాళ్ల మీద కాదని.