ఒక్క కస్టమర్‌నే నమ్ముకుంటే ఏమవుతుందో మా పీచు ఫ్యాక్టరీలో చూశాను

కొద్దిమంది సరఫరాదారులు, కొద్దిమంది కస్టమర్ల మీదే ఆధారపడితే కంపెనీ ఎలా నడుస్తుందని అడిగారు. మొదట్లో చాలా బాగా నడుస్తుందండి. ఆ బాగుండటంలోనే మనం సరుకు అమ్ముకోవడం మర్చిపోతాం.

మాది కోనసీమలో, అంబాజీపేట దగ్గర చిన్న కొబ్బరి పీచు ఫ్యాక్టరీ. సరుకంతా ఒకే ఎగుమతి వ్యాపారికి వేసేవాళ్ళం, ఆయన చైనాకు పంపేవారు. మన దేశం పీచును ఎక్కువగా కొనేది చైనావాళ్ళే. మూడేళ్ళపాటు సరుకు కావాలా అని నేను ఇంకెవరికీ ఒక్క ఫోన్ కూడా చేయలేదు. తిరుగుడు ఖర్చు లేదు, బేరాలు లేవు, లాభం కనబడుతోంది. ఆయన అడిగిన క్వాలిటీ కోసం అప్పు చేసి మిషన్ కూడా వేయించాను.

2020 ఫిబ్రవరిలో ఒకరోజు లారీకి సగం లోడు ఎక్కాక ఆయన గుమాస్తా వచ్చాడు. ఎప్పటిలాగే బేలులోకి చెయ్యి దూర్చి తేమ చూశాడు, నాలుగు పోగులు లాగి వేళ్ళ మధ్య నలిపాడు. "సరుకు బాగుందండి. కానీ దింపించేయండి, చైనాలో అంతా ఆగిపోయిందంట, మళ్ళీ చెప్పేదాకా లోడు వద్దన్నారు" అన్నాడు. సరుకులో వంక పెట్టుంటే పోట్లాడేవాణ్ణి. ఎక్కించిన కూలీలే దింపారు, ఎక్కించిన కూలి, దింపిన కూలి రెండూ నేనే ఇచ్చుకున్నాను. పీచు ఆరబెట్టే ఆడవాళ్ళు పని ఆపేసి చూస్తున్నారు. వాళ్ళలో పెద్దావిడ దగ్గరికొచ్చి "బాబుగారండీ, మమ్మల్ని రేపు రమ్మంటారా?" అంది. నాకు నోట మాట రాలేదు.

తర్వాత నెలలోనే లాక్‌డౌన్. షెడ్డు నిండా ఎండు పీచు, ఒక్క నిప్పురవ్వ చాలు, రాత్రిళ్ళు ఆ టెన్షన్‌తో నిద్ర పట్టేది కాదు.

డొక్కల (పీచు తీసే కొబ్బరికాయ పైతొక్కల) విషయమూ అంతే, కాయలు ఒలిచే ఒకే యార్డు నుంచి తెచ్చుకునేవాళ్ళం. కాయ ధర పడితే రైతు చెట్ల నుంచి కాయల దింపు వాయిదా వేస్తాడు, డొక్క రాదు, మిషన్ ఖాళీగా ఉంటుంది, కరెంటు బిల్లులో ఫిక్స్‌డ్ ఛార్జీలు మాత్రం పడుతూనే ఉంటాయి.

ఇంకో మాట కూడా చెప్పాలి. సరుకు కొన్నవాళ్ళు చిన్న యూనిట్లకు 45 రోజుల్లోపు డబ్బు కట్టాలని 2006 నాటి చట్టం ఉంది. ఉన్నది ఒకే కస్టమర్ అయితే ఆయన మీద ఫిర్యాదు ఎవరు పెడతారండీ? రెండు నెలలైనా మూడు నెలలైనా చేతులు కట్టుకుని ఎదురుచూడాల్సిందే. 2025 ఆగస్టు 27 నుంచి మన సరుకుల మీద అమెరికా సుంకం 50 శాతానికి చేరినప్పుడు, భీమవరం వైపు రొయ్యల చెరువులున్న మా బంధువుల ఇళ్ళలోనూ ఒక్కరినే నమ్ముకున్న ఇదే దిగులు చూశాను. అప్పటికి రొయ్యల ఎగుమతిలో పెద్ద భాగం అమెరికాకే మరి.

మీరు షేర్ల కోసం అడిగి ఉంటే కంపెనీ వార్షిక నివేదికలో సెగ్మెంట్ల (వ్యాపార విభాగాల) నోట్ చదవండి. ఆదాయంలో 10 శాతం, ఆపైన ఒకే కస్టమర్ నుంచి వస్తుంటే లిస్టెడ్ కంపెనీ ఆ సంగతి అక్కడ చెప్పాలి. లాభం అంకె కంటే ముందు నేను అదే చూస్తాను.

మా ఫ్యాక్టరీ నిలబడింది. పరుపుల తయారీవాళ్ళనీ తాళ్ళు పేనేవాళ్ళనీ వెతుక్కుంటూ బండి మీద తిరిగాను. కాలవగట్టున గుట్టలు పోసి వదిలేసిన కొబ్బరి పొట్టును కడియం నర్సరీలవాళ్ళు కొంటారని అప్పుడే తెలిసింది. ఆ ఎగుమతి వ్యాపారికి ఇప్పటికీ వేస్తున్నాను, నెలకు ఒక్క లోడు.