అమెరికా కాలేజీ ఉమెన్స్ టెన్నిస్‌లో ఒక్క స్టార్ ప్లేయర్ ఉంటే జట్టు గెలుస్తుందా?

గెలవదు; జట్టును నిలబెట్టేది సత్తా వరుసలో నిలిపే ఆరుగురిలో నాలుగు, ఐదు, ఆరు నంబర్లలో ఆడే అమ్మాయిలే. అమెరికా కాలేజీ క్రీడలను నడిపే సంఘం ఎన్‌సీఏఏ. దాని పై అంచె అయిన డివిజన్ 1లో రెండు కాలేజీల మధ్య పోటీకి మొత్తం 7 పాయింట్లు. ఆరు సింగిల్స్‌కు ఆరు, మూడు డబుల్స్ కలిపి ఒక్కటి. ముందుగా 4 తెచ్చుకున్న జట్టుదే గెలుపు. ఒకటో నంబరు అమ్మాయి 6-0, 6-0తో గెలిచినా, ఆరో నంబరు అమ్మాయి మూడో సెట్ టైబ్రేక్ దాకా లాక్కెళ్లి గెలిచినా వచ్చేది ఒక్క పాయింటే.

మొదటి మూడు సింగిల్స్ పోయాయనుకోండి. డబుల్స్ పాయింటు చేతిలో ఉంటే కింది మూడూ గెలిచి 4-3తో గట్టెక్కొచ్చు. 2016లో 15వ సీడ్‌గా దిగిన స్టాన్‌ఫర్డ్ ఎన్‌సీఏఏ ఛాంపియన్‌షిప్ ఫైనల్లో ఓక్లహోమా స్టేట్‌ను ఓడించింది 4-3తోనే.

అందుకే మంచి కోచ్ డబుల్స్‌ను చిన్నచూపు చూడరు. అది ఒక్క సెట్టే, రెండు జోడీలు గెలిస్తే పాయింటు మీదే. 40-40 దగ్గర అడ్వాంటేజ్ ఉండదు, తర్వాతి బంతితోనే గేమ్ తేలిపోతుంది. సర్వ్ ఏ వైపు అందుకోవాలో రిటర్న్ జోడీయే ఎంచుకుంటుంది. ఆ ఒక్క రిటర్న్‌ను ప్రాక్టీసులో వందలసార్లు ఆడించాలి.

బలమైన అమ్మాయిని ఆరో నంబరులో దించి సులువుగా పాయింటు కొట్టేయొచ్చని చాలామంది అనుకుంటారు. కుదరదు. లైనప్ ఆటగాళ్ల సత్తా వరుసలోనే ఇవ్వాలని నిబంధన. ఒకటికీ ఆరుకీ మధ్య తేడా తగ్గించడమొక్కటే కోచ్‌కు మిగిలే దారి.