అరెకరం అమ్మి స్టార్టప్ పెట్టించాలా?

నరసరావుపేట నుంచి ఒక తండ్రి రాశారు. అబ్బాయి బీటెక్ ఆఖరి సంవత్సరం, క్యాంపస్‌లో నాలుగున్నర లక్షల ఉద్యోగం వచ్చినా చేరనంటున్నాడట. ఇద్దరు స్నేహితులతో కలిసి ఊళ్ళో కిరాణా సరుకులు ఇంటికి చేర్చే యాప్ పెడతాడట, పన్నెండు లక్షలు కావాలట. అమ్మాయి పెళ్ళికని ఉంచిన అరెకరం అమ్మమంటారా, అసలు ఉద్యోగం మేలా స్టార్టప్ మేలా పోల్చి చెప్పండి అని అడిగారు.

సార్, పోలిక తర్వాత చూద్దాం. ప్లేస్‌మెంట్ల సీజన్‌లో ఇలాంటి ఉత్తరం ప్రతి ఏడూ వస్తుంది, ఊరి పేరే మారుతుంది. మీరు యాప్ గురించి రెండు ముక్కలు రాశారు, బంధువులకు ఏం చెప్పుకోవాలని మాత్రం మూడుసార్లు రాశారు. ప్యాకేజీ సంగతి ముందే అందరికీ చెప్పేసింది మీరే కదా, ఆ టెన్షన్ తెచ్చి వాడి నెత్తిన పెడితే ఎలా? ఒక్కో ఆర్డర్ మీద ఎంత మిగులుతుందిరా అని వాణ్ణి కూర్చోబెట్టి ఒక్కసారైనా అడిగారా?

నా అనుమానాలు చెప్తాను. మీ వీధి కొట్టాయన ఫోన్ చేస్తే కుర్రాడితో సరుకులు పంపిస్తాడు, ఖాతా కూడా రాసుకుంటాడు. అసలే కిరాణాలో మిగిలేది తక్కువ, అందులోంచి పెట్రోలు, కుర్రాడి జీతం పోగా ఈ యాప్ ఆయనతో ఎక్కడ పోటీ పడుతుంది? హైదరాబాద్‌లో 2015లో స్టార్టప్‌లకు చోటూ సాయమూ ఇచ్చే టీ-హబ్, ఆ మరుసటేడే కేంద్రం పథకం స్టార్టప్ ఇండియా వచ్చాక పిల్లలకు ధైర్యం పెరిగింది, మంచిదే. కానీ స్లైడ్లు చూపించి బహుమతి తెచ్చుకోవడమే వ్యాపారం అనుకునేవాళ్ళూ పెరిగారు. ఒక్క ప్యాకెట్ అమ్మకముందే కార్డు మీద సీఈఓ! పైగా తొందరపడి ప్రైవేట్ లిమిటెడ్ రిజిస్టర్ చేయిస్తారు. అమ్మకం సున్నా అయినా ఏటా ఆడిట్ తప్పదు, ఏడాది లెక్కల ఫారాలు ఆలస్యమైతే ఒక్కోదానికి రోజుకు 100 రూపాయలు. వరసగా మూడేళ్ళు వేయకపోతే ఐదేళ్ళదాకా కొత్తగా ఏ కంపెనీలోనూ డైరెక్టర్ కాలేరు.

బస్సు టికెట్ల రెడ్‌బస్ పెట్టినవాళ్ళలో ఒకరైన ఫణీంద్ర సామ పేరు మీవాడు చెప్పే ఉంటాడు. ఆయన బెంగళూరులో ఉద్యోగం చేస్తూ, పండక్కి ఇంటికి రావడానికి బస్సు టికెట్ దొరక్క ఆ ఆలోచనలో పడ్డారు. 2006లో మొదలుపెట్టినప్పుడు బస్సుల వాళ్ళకు సాఫ్ట్‌వేర్ ఇద్దామనుకుంటే ఎవరూ తీసుకోలేదు, టికెట్లు అమ్మిపెట్టడం ఆ తర్వాతి సంగతి.

అలాగని భయపడకండి. ఇరవై రెండేళ్ళ వాడు ఒక ఏడాది పోగొట్టుకుంటే కొంప మునగదు, ఆ ఏడాదిలో నేర్చింది తర్వాత ఇంటర్వ్యూలో పనికొస్తుంది కూడా. ఆఫర్ వదులుకోవద్దనండి, చేరే తేదీకి ఎలాగూ ఇంకా టైముంటుంది. ఈలోగా యాప్ లేకుండా, వాట్సాప్‌లో, మీ చుట్టుపక్కల ముప్పై ఇళ్ళకి సరుకులు వేయమనండి, ఇరవై వేలకు మించి ఇవ్వకండి. డిస్కౌంట్ ఆపేశాక కూడా ఎన్ని ఇళ్ళ నుంచి ఆర్డర్ వస్తుందో నోట్‌బుక్‌లో రాయమనండి.

పోలిక అడిగారు కదా, ఉద్యోగంలో జీతం నెలనెలా వస్తుంది, ఇందులో రాదు. అంతకుమించి పోల్చాలంటే ముందు ఆ నోట్‌బుక్ నిండాలి.

పొలం జోలికి మాత్రం వెళ్ళకండి. అది అమ్మాయి కోసం ఉంచిందని మీరే రాశారు, అమ్మే ఆలోచన ఉందని ఆ అమ్మాయికి చెప్పారా?