తొడ మీద తీసిన చర్మం మళ్లీ ఎలా వస్తుంది?

మీ నాన్నగారి కాలి పుండు మీద అతికించడానికి తొడ చర్మం తీస్తామన్నారు, మరి తొడ సంగతేమిటన్నది కదా మీ ప్రశ్న. ఆ భయం నేనూ పడ్డాను.

మూడేళ్ల క్రితం సంక్రాంతికి, గుంటూరు బ్రాడీపేటలోని మా ఇంట్లో అమ్మ అరిసెలు వండుతుంటే సాయం చేద్దామని బాణలి దించబోయి, కాగిన నూనె పిక్క మీద ఒంపుకున్నాను. నూనె చిందిన చోట వారం తిరిగేసరికి ఎర్రటి పుండు మీద ఆవగింజలంత లేత చుక్కలు తేలాయి. చీము అనుకుని తుడవబోతే నర్సమ్మ చెయ్యి పట్టుకుని ఆపింది. "అది కొత్త చర్మం బాబూ, కదపకండి" అంది. ఒక్కో చుక్క ఒక్కో రోమకూపం చుట్టూ మొలిచినదే. అవి వెడల్పై, ఒకదానితో ఒకటి కలిసి పుండును మూసేశాయి. నూనె ధారగా పడిన నడిమధ్య మాత్రం చర్మం పాలిపోయి తోలులా బిగిసింది. డాక్టరుగారు అక్కడి వెంట్రుకను పట్టకారుతో లాగితే నొప్పి తెలియకుండానే ఊడివచ్చింది. "కుదురే కాలిపోయింది, అతికించాల్సిందే" అన్నారు.

చలికి వెంట్రుకలను నిక్కబొడిపించే చిన్న కండరం రోమకూపానికి అంటుకునే చోట ఒక ఉబ్బు ఉంటుంది. అక్కడ కొత్త కణాలను పుట్టించే మూలకణాలు ఉంటాయని 1990లో ఎలుకల చర్మం మీద జరిగిన పరిశోధనలో తేలింది. మామూలు రోజుల్లో అవి పైచర్మం జోలికి రావు. గాయమైతే మాత్రం వాటి సంతతి కణాలు పైకి పాకి దాన్ని కప్పుతాయి. 2005లో, అదీ ఎలుకల్లోనే, కొత్త పైచర్మంలో దాదాపు నాలుగో వంతు ఇలా వచ్చినదేనని చూశారు. వాటిలో చాలామటుకు కొన్ని వారాల్లో కనుమరుగవుతాయి. ఆపదకు ఆదుకోవడానికి వచ్చిన చుట్టాలన్నమాట! రోమకూపం పైభాగంలోని కణాలు, గాయం అంచున ఉన్నవి స్థిరపడతాయి.

తొడ మీద తీసేది వడ్రంగి చిత్రిక పట్టినట్లు పలచటి పొర, సాధారణంగా అర మిల్లీమీటరు కూడా ఉండదు. కుదుళ్లు కిందే మిగులుతాయి కాబట్టి సుమారు రెండు వారాల్లో దానంతటదే మూసుకుంటుంది. తల మీద తీస్తే ఇంకా త్వరగా మానుతుంది, అక్కడ రోమకూపాలు దట్టం కదా. అవి లేని అరచేతిలో చెమట గ్రంథుల కణాలు సాయపడతాయి.

నాన్నగారికి ఒక్క మాట ముందే చెప్పండి: మొదటి వారం అతికించిన చోటు కన్నా తీసిన చోటే ఎక్కువ మండుతుంది. నాకు దుప్పటి తగిలినా ప్రాణం పోయినట్లుండేది. ఇప్పుడక్కడ రంగు కాస్త తేడా, అంతే. వెంట్రుకలు కూడా ఎప్పటిలాగే మొలిచాయి. పిక్క మీద అతికించిన చోట మాత్రం ఒక్కటీ రాలేదు.