చంద్రశిల మీద పొద్దుపొడుపు

ప్రశ్న: మాది అమలాపురం దగ్గర పల్లె. కాలువగట్టు కంటే ఎత్తు ఎక్కిందిలేదు. అక్టోబరులో హిమాలయాల్లో ఫొటోలు తీయాలనుంది, ఎక్కడికి వెళ్లను?

జవాబు: మొదటిసారికి ఉత్తరాఖండ్‌లోని చోప్తా చాలండీ. అక్కడినుంచి తుంగనాథ్ గుడికి నాలుగు కిలోమీటర్ల లోపే, రాళ్లు పరిచిన దారి, గుడి దాదాపు 3,680 మీటర్ల ఎత్తున ఉంటుంది, ఆపైన నిటారుగా ఇంకో కిలోమీటరున్నర ఎక్కితే చంద్రశిల శిఖరం. తెల్లారేసరికి అక్కడుంటే ఎదురుగా కనిపించే చౌఖంబా అనే కొండ మంచు మీద తొలి ఎండ పడటం దొరుకుతుంది. సముద్రమట్టం నుంచి వస్తున్నారు కదా, ముందురోజు చోప్తాలోనే ఆగండి. తలనొప్పి, వాంతులు మొదలైతే ఫొటో సంగతి వదిలేసి దిగిపోండి. గాలి లేని పొద్దున దేవరియా తాల్ అనే సరస్సులో అదే చౌఖంబా నీడ చూడొచ్చు, మన కాలువలో కొబ్బరిచెట్ల నీడలాగే. చలికి బ్యాటరీ త్వరగా దిగిపోతుంది, లోపలి జేబులో పెట్టుకోండి. మంచు బూడిదరంగులో వస్తుంటే ఎక్స్‌పోజర్ (కెమెరా తీసుకునే వెలుతురు) కాస్త పెంచండి.