తెర ముచ్చట్లు: మంచు దేశపు కెమెరా, మన ఊరి ప్రజాభిప్రాయ సేకరణ

పోయిన నెల ఈ శీర్షికలో కెనడా ఉత్తరపు కొసన, నునావుట్ ప్రాంతంలో ఉండే ఇన్యూట్ల సినిమాల గురించి రాశాను. ఇగ్లూలిక్ అనే చిన్న ఊళ్లో జకరియస్ కునుక్, నార్మన్ కోన్, మరో ఇద్దరు మిత్రులు కలిసి 1990లో పెట్టిన ఇసుమా సంస్థ కథ అది. హీరోల పారితోషికం ఎంతని అడిగే ఉత్తరాలే ఎక్కువగా వచ్చే ఈ పేజీకి ఈసారి గనుల గురించి, ఎండల గురించి, సీల్ మాంసం గురించి కూడా వచ్చాయి. ఎడిటర్ గారు చోటు కాస్త ఎక్కువే ఇచ్చారు.

ప్రశ్న: మాస్టారూ, మీ మాట నమ్మి కునుక్ సినిమా ‘అటనార్జువాట్’ చూడటం మొదలుపెట్టాను. ఎవరు ఎవరికి ఏమవుతారో అర్థం కాక అరగంటకే ఆపేశాను. మూడు గంటల మంచు ఎవరు చూస్తారండీ?
– ఒక మెడికల్ రెప్, తెనాలి

జవాబు: తప్పు మీది కాదు. మా ఫిల్మ్ సొసైటీలో వేసిన రోజు కూడా సగం కుర్చీలు మధ్యలోనే ఖాళీ అయ్యాయి. పేర్లు నోరు తిరగవు, అందరూ బొచ్చు కోట్లలో ఒకేలా కనిపిస్తారు. నేను చేసే పని చెబుతాను: పేర్లు వదిలేయండి, ఎవరు ఎవరి పక్కన కూర్చుని తింటున్నారో చూడండి. చుట్టరికాలు, పగలు వాటంతటవే తెలుస్తాయి. అన్నను గుడారం కూల్చి బల్లేలతో పొడిచాక, తమ్ముడు ఒంటి మీద నూలుపోగు లేకుండా సముద్రపు మంచు మీద పరుగెత్తే చోటు దాకా మాత్రం ఆపకండి. ఆ తర్వాత ఎలాగూ ఆపలేరు.

ఇంకో మాట. చివర పేర్లు పడేటప్పుడు లేచిపోకండి. అంతసేపూ పాత కాలంలో ఉన్నాం అనుకుంటున్న మనకు, జాకెట్లూ చలవ కళ్ళద్దాలూ పెట్టుకున్న యూనిట్ వాళ్లు కనిపిస్తారు. స్లెడ్జి బండి మీద కెమెరా పెట్టి లాగుతూ ఉంటారు. మేం మ్యూజియంలో బొమ్మలం కాదు, ఇవాళ బతికున్నవాళ్లం అని డైలాగు లేకుండా చెప్పారు. ఇన్యూట్ల భాష ఇనుక్టిటుట్‌లో వచ్చిన మొదటి పూర్తి నిడివి కథాచిత్రం ఇదే. 2001లో కాన్ ఉత్సవంలో, మొదటి సినిమా తీసిన దర్శకులకిచ్చే ‘కెమెరా ద ఓర్’ దీనికే వచ్చింది.

ప్రశ్న: కునుక్ గారు వాతావరణ మార్పు మీద తీసిన డాక్యుమెంటరీ ఇంటర్నెట్‌లో చూశాను. అందులో పెద్దవాళ్లు భూమి ఒరిగిపోయిందనీ, సూర్యుడు వేరే చోట అస్తమిస్తున్నాడనీ అంటారు. పిల్లలకు చూపిస్తే మూఢనమ్మకాన్ని నేర్పినట్టు కాదా?
– సైన్సు టీచర్, ప్రొద్దుటూరు

జవాబు: చూపించండి మేడమ్. మీలాంటివాళ్లే చూపించాలి. పరిశోధకుడు ఇయన్ మారోతో కలిసి కునుక్ 2010లో తీసిన సినిమా అది. నాలుగు ఊళ్లలోని పెద్దలు, వేటగాళ్లు మాట్లాడతారు. ఒక ఊరివాడు చెప్పింది ఇంకో ఊరివాడికి తెలియదు, అయినా అందరూ సూర్యుడి దగ్గరికొచ్చేసరికి ఒకే మాట అంటారు. ఫలానా కొండ పక్కన అస్తమించేవాడు ఇప్పుడు ఇంకాస్త అవతల అస్తమిస్తున్నాడు, చీకటి నెలల్లో వెలుగు ఎక్కువైంది అని. ఇది బయటికి రాగానే శాస్త్రవేత్తలు కొందరు చిరాకు పడ్డారు. భూమి అక్షం అంతలా మారలేదు కదా!

మారలేదు, నిజమే. కానీ వాళ్ల కళ్లు తప్పు చూడలేదు. నేలను ఆనుకుని బాగా చల్లటి గాలి, దాని మీద వెచ్చటి గాలి పొర ఉంటే వెలుతురు వంగుతుంది. దిగంతం కిందికి దిగిన సూర్యుడు కూడా పైన ఉన్నట్టు కనిపిస్తాడు. మీ క్లాసులో గిన్నె అడుగున రూపాయి బిళ్ళ వేసి నీళ్లు పోసి చూపిస్తారే, ఆ వక్రీభవనమే. ఉత్తరాన గాలి వేడెక్కేకొద్దీ ఆ పొరల తీరు మారుతోందని, అందుకే ఇలా కనిపిస్తోందని మారో వివరణ ఇచ్చాడు. చూసింది ఒకటి, దానికి చెప్పుకున్న కారణం ఇంకొకటి. ఈ రెంటినీ విడదీయడమే సైన్సు క్లాసు అని నా అభిప్రాయం. ఏటా అదే చోట నిలబడి, అదే కొండను చూసే మనిషి కంటే మంచి పరిశీలకుణ్ణి ఎక్కడ తెస్తాం?

ఎలుగుబంట్ల గురించి వాళ్లనేది కూడా పిల్లల చేత వినిపించండి. మత్తు సూది వేసి మెడకు పట్టీలు కట్టే పరిశోధనల మీద వాళ్లకు ఒళ్ళుమంట. మన పోస్టర్లలో ధ్రువపు ఎలుగు ఒంటరిగా మంచుముక్క మీద ఏడుస్తూ ఉంటుంది. ఎలుగులు మా ఊళ్లోకే వస్తున్నాయి, తగ్గాయని ఎవరన్నారు అంటారు వీళ్లు. ఇక్కడ ఎవరిది రైటో క్లాసులో తేలదు, తేలకపోయినా ఫరవాలేదు.

ప్రశ్న: నేను సింగరేణిలో పనిచేసి రిటైరయ్యాను. ఇన్ని సినిమాలు తీశారు, అవార్డులు కొట్టారు. తమ ప్రాంతంలోని ఇనుప గనిని ఆపగలిగారా?
– గోదావరిఖని పాఠకుడు

జవాబు: లేదండీ. సినిమా గనిని ఆపిందని ఎవరైనా రాస్తే నమ్మకండి. జరిగింది చెబుతాను, మీకు గని సంగతులు నాకంటే బాగా తెలుసు.

బాఫిన్ దీవి ఉత్తర భాగంలో మేరీ రివర్ దగ్గర చాలా మేలు రకం ఇనుప ఖనిజం ఉంది. ఏడాదికి కోటి 80 లక్షల టన్నులు తవ్వి, దక్షిణాన కొత్త రేవు దాకా రైలు వేసి, చలికాలంలో కూడా మంచు చీల్చుకుంటూ ఓడలు నడపాలన్నది కంపెనీ మొదటి ప్లాను. ఆ ఓడల దారి వాల్రస్‌లు ఉండే నీళ్లలోంచే. 2012 జులైలో నునావుట్ ప్రభావ సమీక్షా బోర్డు బహిరంగ విచారణలు పెట్టింది. కంపెనీ నివేదికలు వేల పేజీలు, దాదాపు అంతా ఇంగ్లీషులోనే. అనుభవం ఉన్నవాళ్లంతా వేట మీద బతికిన ముసలివాళ్లు, మాటలతో నేర్చుకుని మాటలతో నేర్పినవాళ్లు. అలాంటివాళ్ల ముందు కాగితాల కట్ట పడేసి మీ అభిప్రాయం చెప్పండి అంటే ఏం చెబుతారు?

అక్కడ కునుక్ బృందం చేసిన పని నాకు వాళ్ల సినిమాలన్నిటికంటే పెద్దదిగా తోస్తుంది. లోకల్ రేడియోలో, వీడియోల్లో విషయాన్ని ఇనుక్టిటుట్‌లో విప్పి చెప్పారు, జనం మాటలు రికార్డు చేశారు, ఆ వీడియోలనే విచారణలో అధికారికంగా సమర్పించారు. ఒక మానవ హక్కుల న్యాయవాదిని తోడు పెట్టుకున్నారు. ఉత్తరాది ఊళ్లలో ఇంటర్నెట్ ఉపగ్రహం మీదే, ఒక వీడియో తెరుచుకునేసరికి టీ చల్లారిపోయేది. అందుకని ఊరూరా ఒక లోకల్ సర్వర్ పెట్టి, వీడియోలు ముందే అందులో దింపి, ఊరి కేబుల్ చానెల్లో వేసేవారు. ఇగ్లూలిక్ వాళ్లకు ఈ పట్టుదల కొత్త కాదు. 1975లో ఒకసారి, 1979లో ఒకసారి ఓటు పెట్టి మరీ టీవీ వద్దన్నారు, కారణం అందులో తమ భాష లేదని. కునుక్ 1981లో తాను చెక్కిన రాతి బొమ్మలు అమ్మి మాంట్రియల్‌లో వీడియో కెమెరా కొనేనాటికి కూడా ఆ ఊళ్లో టీవీ రాలేదు.

2012 చివర్లో గనికి అనుమతి వచ్చింది, షరతులతో. విచారణల కథను కునుక్, కోన్ 2014లో డాక్యుమెంటరీగా తీశారు. కంపెనీ ఈలోగా ప్లాను తగ్గించుకుంది. లారీల్లో ఉత్తరాన మిల్న్ ఇన్లెట్ రేవుకు తోలడం, వేసవిలో ఓడలకెత్తడం. 2015 నుంచి ఖనిజం ఓడ దాటుతోంది. మంచు ఎర్రబడుతోందని వేటగాళ్లు చెబుతున్నారు. మీ ఓపెన్‌కాస్టుల దగ్గర మేడ మీద ఆరేసిన బట్టలు నల్లబడవూ, అక్కడ తాగడానికి కరిగించుకునే మంచు మీదే దుమ్ము.

తర్వాత ఉత్పత్తిని 60 లక్షల టన్నుల నుంచి కోటి 20 లక్షలకు పెంచుతాం, 110 కిలోమీటర్ల రైలు వేస్తాం అన్నారు. ఓడలు రెట్టింపైతే నార్వాల్ తిమింగలాలు పారిపోతాయని వేటగాళ్ల భయం. 2021 ఫిబ్రవరిలో ఆర్కిటిక్ బే, పాండ్ ఇన్లెట్ వేటగాళ్లు కొందరు స్నోమొబైళ్ల మీద వెళ్లి గని రోడ్డుకూ విమానాల రన్‌వేకీ అడ్డంగా బైఠాయించారు. ఫిబ్రవరిలో, ఆ చలిలో! 2022 మేలో బోర్డు విస్తరణ వద్దని సిఫారసు చేసింది, నవంబరులో కేంద్ర మంత్రి కూడా విస్తరణను తోసిపుచ్చారు. గని మాత్రం నడుస్తూనే ఉంది. ఇన్యూట్లలో అక్కడ ఉద్యోగాలు చేసేవాళ్లున్నారు, రాయల్టీ వాళ్ల సంఘానికి వెళుతుంది. సింగరేణి మనిషికి ఈ చిక్కు వేరే చెప్పనక్కర్లేదు. 2012లో మాట్లాడటం అలవాటైన జనం పదేళ్ల తర్వాత విచారణలో తడబడలేదు. సినిమా వాళ్లకు నేనిచ్చే మార్కులు అంతవరకే, అవే తక్కువేం కాదు.

ప్రశ్న: ప్రకృతిని కాపాడాలంటూనే సీల్ లాంటి అమాయక జంతువును చంపే వాళ్లను మీరు పొగడటం బాధ కలిగించింది. – గుంటూరు గృహిణి

జవాబు: మీ బాధ అర్థమైందమ్మా. కానీ నునావుట్‌లో ఏ ఊరికీ మిగతా కెనడా నుంచి రోడ్డు లేదు. కూరగాయలు విమానంలోనో, వేసవి ఓడలోనో రావాలి, ధర చూస్తే గుండె ఆగుతుంది. అలెథియా అర్నాకుక్-బారిల్ అనే ఇన్యూట్ దర్శకురాలు 2016లో ‘యాంగ్రీ ఇనుక్’ తీసింది, మీలాంటివాళ్లకు జవాబుగానే. 2009లో యూరోపియన్ యూనియన్ సీల్ వస్తువులను నిషేధించినప్పుడు ఇన్యూట్లకు మినహాయింపు ఇచ్చింది, కానీ బజారే పోయాక మినహాయింపు ఏం చేసుకుంటారు? చర్మం అమ్మితే వచ్చే డబ్బే మళ్లీ వేటకు పెట్రోలు, తూటాలు. ఆ డబ్బు లేకపోతే చేతికందే పని గనే. సినిమా చూశాక కూడా మీరు ఒప్పుకోకపోవచ్చు, అప్పుడు ఇంకో ఉత్తరం రాయండి.

ప్రశ్న: మాస్టారూ, మా మండలంలో క్వారీ కోసం త్వరలో ప్రజాభిప్రాయ సేకరణ ఉంటుందంటున్నారు. మా నాయనమ్మకు మా కువి భాష తప్ప తెలుగు సరిగా రాదు. నా దగ్గర ఉన్నది సెల్‌ఫోనే. ఏం తీయాలి?
– డిగ్రీ విద్యార్థిని, పార్వతీపురం మన్యం జిల్లా

జవాబు: ఫోన్ చాలు తల్లీ. ముందొకటి తెలుసుకో. 2006 పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ ప్రకారం ఆ సభ మొత్తాన్ని కాలుష్య నియంత్రణ మండలే వీడియో తీయించాలి. అంటే కెమెరా అక్కడ ఎలాగూ ఉంటుంది, కాకపోతే వాళ్ల వైపు ఉంటుంది. సభకు కనీసం 30 రోజుల ముందు నోటీసు రావాలి. నివేదిక సారాంశం తెలుగులో దొరకాలి. సభ చివర, ఎవరేమన్నారో రాసుకున్నది స్థానిక భాషలో చదివి వినిపించాలి. ఈ చివరి ముక్క జరిగేటప్పటికి జనం భోజనాలకు లేచిపోతారు. నువ్వు లేవకు, అదే రికార్డు చెయ్యి.

సభలో ఓటింగు ఉండదు, అభిప్రాయాలు నమోదు చేయడమే. గ్రామసభ వేరు. ఒడిశా నియమగిరిలో 2013లో సుప్రీంకోర్టు చెప్పాక 12 గ్రామసభలు పెట్టారు, పన్నెండూ బాక్సైట్ వద్దన్నాయి. మన ఏజెన్సీలో, షెడ్యూల్డ్ ప్రాంతపు భూమిని ప్రైవేటు కంపెనీలకు గని లీజుకివ్వకూడదన్న 1997 సమత తీర్పు కూడా ఉంది. లీజు ఎవరి పేరు మీదో, భూమి షెడ్యూల్డ్ ప్రాంతంలోదో కాదో ముందు కనుక్కో.

నెల ముందే నాయనమ్మను గెడ్డ దగ్గరికి తీసుకెళ్లు. ఇంట్లో కూర్చోబెట్టి అడిగితే ‘ఏముంది చెప్పడానికి’ అంటుంది. ఏ ఊట ఎండితే ఎక్కడికి నడుస్తారో, ఏ మెట్టలో ఏం దుంపలు తవ్వుతారో వేలుపెట్టి చూపించమను. కువిలోనే మాట్లాడనీ. మీద నీ గొంతు వేయకు, కింద తెలుగు అక్షరాలు వెయ్యి. మాట్లాడినవాళ్ల పేరు, ఊరు, తేదీ వాళ్ల నోటే చెప్పించు. తెలుగు సారాంశాన్ని నువ్వు కువిలో చదివి వినిపించు, ఆమె మధ్యలో ఆపి అడిగే ప్రశ్నలు కూడా తియ్యి. మంచి ప్రశ్నలు అక్కడే వస్తాయి. సంగీతం జోలికి పోకు.

రాతపూర్వకంగా కూడా అభిప్రాయాలు ఇవ్వచ్చు. ఒక అర్జీ రాసి, వీడియో ఉన్న పెన్‌డ్రైవ్ జతచేసి, సభకు ముందే ఇచ్చి రసీదు అడుగు. ఇవ్వనంటే రిజిస్టర్డ్ పోస్టులో పంపు. ఇంకో కాపీ ఊళ్లో వేరేవాళ్ల ఇంట్లో ఉంచు. ముందు రోజే ఫోన్లోంచి పెళ్లి వీడియోలన్నీ తీసెయ్యి, లేకపోతే సరిగ్గా కలెక్టరు గారు మైకు పట్టుకోగానే స్టోరేజీ నిండిపోయిందంటుంది.